మైకు ముందు మేస్టారు

కిందటిసారి మిమ్మల్ని మా మేనేజరు గారి గది గుమ్మంలో నిలబెట్టి వదిలేశాను. కాళ్ళు పీక్కుపోయి ఉంటాయి, ముందు కూర్చోండి.

రేడియోలో రికార్డులు వేసి కబుర్లు చెప్పడం నా ఉద్యోగమనీ, రికార్డుల అక్కయ్య అంటే మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసనీ చెప్పాను కదా. మా నాన్న అదే స్టేషన్లో వాద్యబృందానికి పెద్ద. క్లారినెట్ వాయిస్తాడు. గేటు కాపలావాడి దగ్గర్నించి మేనేజరు దాకా అందరికీ ఆయన మేస్టారే. నెల కిందట మేనేజరు గారు, "జ్ఞాపకంగా ఉంచుకుందాం మేస్టారూ" అని, బృందం రోజూ వాయించే పాటని ఓ పెద్ద రికార్డు చేయించారు. ఆ రోజు నాన్న కొత్త కోటు వేసుకెళ్ళాడు. ఆ రికార్డు నిజంగా దేనికో నిన్న సాయంత్రం ఆ గుమ్మంలో నాకు తెలిసింది. ఇక బృందం అక్కర్లేదట. రికార్డు చాలట.

"మిగతావాళ్ళకి రావద్దని కబురు పంపేశాను. మీ నాన్నగారికి మాత్రం మీరే చెప్పండి. మీ నోటితో అయితే మెత్తగా ఉంటుంది" అన్నారాయన. పైగా ఓ ఆశ కూడా చూపించారు. ఇవాళ్టి కార్యక్రమం ఏ గొడవా లేకుండా గడిచిపోతే, రికార్డుల గదిలో రికార్డులు తుడిచి సర్దే పని నాన్నకి ఇస్తారట. గొడవైందా, అదీ లేదు, నా ఉద్యోగమూ లేదు. కార్యక్రమానికి డబ్బు పెట్టే సబ్బుల కంపెనీ పెద్దలు ఇవాళ ప్రత్యేకంగా వింటున్నారట.

మెత్తగా చెప్పాలిట! నా మొహం. రోజూ ఊరందరితో వాగే నోరు నిన్న ఇంట్లో పెగిలితే ఒట్టు. భోజనాల దగ్గర చెబుదామనుకుంటే ఆయన ఏదో జోకేసి అమ్మని పొలమారేలా నవ్విస్తున్నాడు. తర్వాత చెబుదామనుకుంటే క్లారినెట్ ముక్కలు ముక్కలుగా విప్పి ఒళ్ళో పెట్టుకుని తుడుస్తున్నాడు. పొద్దున్నే ఇద్దరం కలిసి నడిచి వెళ్తాం కదా, దారిలో చెబుదాంలే అని పడుకున్నాను. లేచేసరికి ఆయన మంచం ఖాళీ.

"ఇవాళ వాయించడానికి చెయ్యి దురదగా ఉందిట. ముందే వెళ్ళిపోయాడు" అంది అమ్మ, ఇస్త్రీ పెట్టె పక్కన పెడుతూ.

నేను పరుగున స్టేషన్‌కి వెళ్ళాను. కాపలావాణ్ణి అడిగితే మేస్టారు ఇటు రాలేదన్నాడు. అమ్మయ్య అనుకున్నాను. ఎక్కడో దారిలో ఎవరితోనో బాతాఖానీ వేసుంటాడు, గేటు దగ్గరే ఆపేస్తారు, గేటు దగ్గర ఆగితే ఎలాగో అలా తెలుస్తుంది, నా నోటితో చెప్పక్కర్లేదు. చూశారా నా బుద్ధి! కన్నతండ్రి పరువు గేటు దగ్గర పోతే బాగుండునని కోరుకున్నాను.

స్టూడియో మీకు తెలుసు. కిటికీల్లేని గది, గోడలకి మందపాటి గుడ్డ. నా బల్ల మీద రికార్డులు తిరిగే పళ్ళేలు రెండు, ఒకటి తిరుగుతుంటే రెండోదాని మీద వచ్చే పాట సిద్ధంగా పెట్టుకుంటాను. నా ఎదురుగా ఓ మైకు. గది అవతలి చివర బృందం కోసం పొడవాటి స్టాండు మీద ఇంకో మైకు. పక్కన అద్దం, అద్దం అవతల ఇంజనీరు. ఆయనకి నేను పెట్టిన పేరు మౌనిబాబా. ఇన్నాళ్ళలో ఆయన నాతో మాట్లాడింది తక్కువ, చేతులూ కనుబొమలూ ఊపింది ఎక్కువ. ఏ మైకు తెరవాలన్నా, ఏది మూయాలన్నా ఆయన చేతి కింద మీటే. నా మైకు తెరిస్తే గోడ మీద ఎర్రబల్బు వెలుగుతుంది, బృందం మైకుకి బల్బు లేదు. గదిలో లౌడ్‌స్పీకరు ఉండదు, ఉంటే మైకు కూతపెడుతుంది. గాలిలోకి ఏం వెళ్తోందో వినాలంటే నా చెవులకున్న హెడ్‌ఫోన్లే గతి. అద్దం అవతలి వాళ్ళు నాకేదైనా చెప్పాలన్నా వాటిలోనే చెప్పాలి.

ఎర్రబల్బు వెలిగింది. "శుభోదయం! హాలు తలుపులు తీశాం, రండి రండి" అని మొదలుపెట్టాను. మా కార్యక్రమానికి ఆ పద్ధతి ఒకటుంది లెండి. పాడేవాళ్ళంతా మా హాల్లోనే ఉన్నట్టు నేను నటించాలి. "అయ్యో, వానలో తడిశారా, తల తుడుచుకుని పాడండి" అని రికార్డుతో మాట్లాడతాను. వినేవాళ్ళలో సగంమంది నమ్ముతారు, మిగతా సగం నమ్మినట్టు సంతోషిస్తారు. ఈ విద్య నేర్పింది నాన్నే. తన వంతు రాకముందే వచ్చి నా వెనకాల కుర్చీ బరబరా లాగుతాడు, దగ్గుతాడు, చప్పట్లు కొడతాడు. ఒక్క మనిషి వందమంది అయిపోతాడు.

మొదటి రికార్డు వేశాను. నా వెనకాల కుర్చీ బరబరా లాగిన చప్పుడు.

తిరిగి చూస్తే నాన్న! వెనక మెట్లమీంచి వచ్చి, వాద్యాలు పెట్టుకునే గదిలో ఇందాకట్నించీ ఉన్నాడట మహానుభావుడు. ఇస్త్రీ కోటు, నున్నగా దువ్విన తల. నా మైకు మూసి ఉందని బల్బు చూసి నిర్ధారించుకుని మరీ నోరు విప్పాడు.

"వీళ్ళకేం రోగమే? ఒక్కడూ రాలేదు! వయొలిన్ వాడు సరే, పెళ్ళాం లేపితే గానీ లేవడు. డ్రమ్ములవాడికేమైంది?"

"నాన్నా, నీకో మాట చెప్పాలి."

"చెప్పు" అంటూ జేబులోంచి రెల్లుముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు. క్లారినెట్ మూతికి బిగించే పలచటి చెక్కపొర అది. వాయించేముందు కాసేపు నోట్లో నానబెట్టాలి, లేకపోతే కీచుమంటుంది. అది నోట్లో ఉన్నంతసేపూ ఆయన మాట్లాడడు, మాట్లాడినా ఎవరికీ అర్థం కాదు. చెప్పు చెప్పు అన్నట్టు తలూపాడు.

"రాత్రే చెబుదామనుకున్నాను..."

ఆయన కంగారుగా పళ్ళెం వైపు వేలు చూపించాడు. పాట అయిపోతోంది! మూడు నిమిషాల రికార్డు, మనిషికి ఓ మాట మొదలుపెట్టే వ్యవధి ఇస్తుందా? ఎర్రబల్బు వెలిగింది. "ఆహా, ఎంత బాగా పాడారండీ" అన్నాను ఊరందరితో. వెనక నాన్న చప్పట్లు కొట్టాడు, నోట్లో రెల్లుముక్కతోనే. రెండో రికార్డు మీద ముల్లు దించాను.

బల్బు ఆరగానే హెడ్‌ఫోన్లలో మేనేజరు గారి గొంతు. అద్దం అవతల, మౌనిబాబా పక్కన నిలబడి మీట నొక్కుకుని మాట్లాడుతున్నారు. "ఆయన లోపలికెలా వచ్చారు? మీరు చెప్పలేదా?"

లేదని తల అడ్డంగా ఊపాను. నా మైకు మూసి ఉంది కాబట్టి నా మాట అటు వినపడదు. ఇటు నాన్న నా ముఖమే చూస్తున్నాడు.

"చెప్పకండి! ఇప్పుడు చెబితే ఆయన గోల చేస్తారు. కోపం వస్తే ఆయన మనిషి కాదు, నాకు తెలీదా?"

ఆ మాట మాత్రం నిజం. నాన్న కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ చెప్పకపోతే ఎలా? మేనేజరు చెప్పొద్దన్నాడని నేను మానేసేదాన్నా? నోరు తెరిచాను, నిజంగా తెరిచాను.

"వాళ్ళు రారు నాన్నా. మేనేజరు గారు వద్దన్నారు."

నాన్న నోట్లోంచి రెల్లుముక్క తీశాడు. "వద్దన్నాడా? అందర్నీనా?"

"అందర్నీ."

"మరి నాకేం చెప్పలేదే?"

"నిన్ను... నీ సంగతి నన్ను చెప్పమన్నారు."

ఆయన నన్ను చూశాడు, అద్దం అవతల మేనేజర్ని చూశాడు. మేనేజరు గారు ఏం చెయ్యాలో తెలీక పళ్ళికిలించి ఓ నమస్కారం పెట్టారు. నాన్న ముఖం మెల్లగా విచ్చుకుంది. ఆ ముఖం నేను చచ్చేదాకా మర్చిపోను.

"నేనొక్కణ్ణే అన్నమాట!" అన్నాడు. "ఎన్నేళ్ళుగా అడుగుతున్నానే, ఒక్కసారి నన్నొక్కణ్ణే వాయించనివ్వండి బాబూ అని! ఏదో వంక పెట్టేవాడు. మొత్తానికి మనసు కరిగింది. నువ్వు చెప్పావా? నువ్వే చెప్పుంటావ్ దొంగపిల్లా. అందుకేనా రాత్రి నుంచీ నక్కినక్కి చూస్తున్నావు!"

"కాదు నాన్నా, అది కాదు..."

"ఊరుకో, ఊరుకో. అయ్యో, మీ అమ్మకి చెప్పలేదే! రేడియో పెట్టి తను వంటింట్లోకి పోతుంది. నువ్వు మైకులో చెప్పవే, ఎక్కడున్నవాళ్ళు అక్కడే కూర్చుని వినమని. మీ అమ్మకి అర్థమైపోతుంది."

ఇంకేం చెప్పను? మీరైతే చెప్పగలరా? ఒక మనిషి నలభై ఏళ్ళు ఎదురుచూసింది వచ్చిందని పొంగిపోతుంటే, అది రాలేదు, ఉన్నది కూడా పోయింది అని రెండు పాటల మధ్య ఎలా చెబుతారు? నాకు చేతకాలేదు. రికార్డు అయిపోయింది, బల్బు వెలిగింది, "తర్వాతి పాట తర్వాత మన మేస్టారి వంతు. ఎక్కడున్నవాళ్ళు అక్కడే కూర్చుని వినండి" అని నా గొంతు దానంతటది చెప్పేసింది. నాన్న కళ్ళతోనే నన్ను మెచ్చుకున్నాడు.

బల్బు ఆరింది. మూడో రికార్డు తిరుగుతోంది. పక్క పళ్ళెం మీద ఆ పెద్ద రికార్డు పెట్టాను. నాన్న అటు చూడనేలేదు. బృందం మైకు దగ్గరికి వెళ్ళి, స్టాండు తన ఎత్తుకి సరిచేసుకుంటున్నాడు.

హెడ్‌ఫోన్లలో మేనేజరు గారు, ఈసారి చాలా శాంతంగా. "నాకో ఆలోచన వచ్చింది. ఆయన్ని వాయించుకోనివ్వండి."

నేను ఆశగా తలెత్తాను.

"ఆ మైకు మూసే ఉంచుతాం. మీరు రికార్డు వేసెయ్యండి. బయటికి రికార్డే వెళ్తుంది. ఆయనకేం తెలుస్తుంది, లోపల ఏమీ వినపడదుగా! తృప్తిగా వాయించుకుంటారు. అంతా అయ్యాక కూర్చుని మాట్లాడదాం. ఒకరకంగా చూస్తే ఆయనకిదే గౌరవం కదండీ."

గౌరవం! అద్దం పగలగొట్టాలనిపించింది. మౌనిబాబా కేసి చూశాను, ఏదో ఒకటి చేయవయ్యా అన్నట్టు. ఆయన తలొంచుకుని తన మీటల్ని చూసుకుంటున్నాడు. ఆయనకీ ఇల్లుంది, ఆయనకీ భయముంది. తిట్టుకుందామన్నా మనసొప్పలేదు.

"సిద్ధమా?" అన్నాను నాన్నతో. నా నోటికి వచ్చింది అదొక్కటే.

ఆయన రెల్లుముక్క బిగించి, కోటు గుండీలు పెట్టుకుని, తలూపాడు.

ఎర్రబల్బు. "మన మేస్టారు హాల్లోకి వచ్చేశారు" అన్నాను. "ఇస్త్రీ కోటు వేసుకున్నారు. ఇదిగో, నా ఎదురుగా మైకు ముందు నిలబడ్డారు. క్లారినెట్ ఎత్తుతున్నారు." ఏడాదిగా ఈ కుర్చీలో కూర్చుని రాని వాళ్ళని వచ్చారని చెప్పాను, లేని వాళ్ళని ఉన్నారని చెప్పాను. ఇవాళ నేను చెప్పిన దాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అన్నీ నిజాలే చెప్పి, పెద్ద రికార్డు మీద ముల్లు దించాను. బల్బు ఆరింది.

నాన్న కళ్ళు మూసుకుని వాయించడం మొదలుపెట్టాడు.

నా చెవుల్లో రికార్డు నాన్న, వయొలిన్, డ్రమ్ములు, అందరూ కలిసి. చెవుల బయట, గుడ్డగోడల గదిలో, ఒంటరిగా నాన్న. కాసేపు రెండూ ఒకదాని వెంట ఒకటి నడిచాయి. తర్వాత ఆయన ఆగి, ఓ చోట స్వరాన్ని సాగదీసి, రోజూ వాయించే దారి వదిలేసి తనిష్టం వచ్చినట్టు వెళ్ళిపోయాడు. నేను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పడేశాను. రికార్డు ఊరంతా వింటోందిగా, నేనెందుకు?

నాకు సంగీతం గురించి గొప్పగా చెప్పడం రాదు. నా పని పొగడటమే అయినా ఇలాంటప్పుడు మాట దొరకదు. నాన్న అంత బాగా వాయించగా నేనెప్పుడూ వినలేదు, అంతే. ఇంట్లో కూడా వినలేదు. మధ్యలో ఓ చోట నవ్వుతున్నాడు, పెదాల మధ్య క్లారినెట్ ఉండగానే. అమ్మ వింటోందనుకుంటున్నాడు. వయొలిన్ వాడు వినాలనీ, డ్రమ్ములవాడు విని కుళ్ళుకోవాలనీ కూడా అనుకుంటున్నాడు, నాకు తెలుసు. ఆ పాట విన్నది ప్రపంచంలో నేనొక్కదాన్నే. ఏడుపొచ్చేసింది. బల్లకింద చేతులు పిసుక్కుంటూ కూర్చున్నాను. లేచి వెళ్ళి ఆపలేను, ఆపితే ఎందుకో చెప్పాలి. కూర్చుని వినలేను. కుక్కిన పేనులా ఉండిపోయాను.

వాయించడం అయిపోయింది. వయొలిన్ వంతులూ డ్రమ్ముల వంతులూ లేకుండా ఒక్కడే కదా, తొందరగానే ముగించాడు. నాన్న కళ్ళు తెరిచి, క్లారినెట్ దించి, చప్పట్లు ఏవి అన్నట్టు నాకు సైగ చేశాడు. నేను కొట్టాను. గట్టిగా, వెర్రిదానిలా కొట్టాను. ఆయన మూసి ఉన్న మైకుకి వంగి నమస్కారం పెట్టాడు.

చప్పట్లు ఆపాను. గది నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో, బల్ల మీద నేను పడేసిన హెడ్‌ఫోన్లలోంచి సన్నగా, దోమ పాడినంత సన్నగా, క్లారినెట్.

నాన్న తల పక్కకి వంచాడు. "ఎవరదీ?" అన్నాడు గుసగుసగా, తన మైకు ఇంకా తెరిచే ఉందనుకుని. "నా తర్వాత ఇంకెవర్నో పెట్టారా?" మునివేళ్ళ మీద నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "ఫరవాలేదే, బాగానే వాయిస్తున్నాడు." ఇంకాస్త వంగాడు. "ఆ వయొలిన్ మనవాడిలాగే..."

మాట అక్కడ ఆగిపోయింది.

"నాన్నా" అన్నాను.

ఆయన హెడ్‌ఫోన్లు తీసి చెవులకి పెట్టుకున్నాడు. పక్క పళ్ళెం మీద తిరుగుతున్న పెద్ద రికార్డుని అప్పుడు చూశాడు. చూస్తూ, వింటూ, అలాగే నిలబడ్డాడు. కోపం వస్తుందని ఎదురుచూశాను. రావాలని మొక్కుకున్నాను. రాలేదు.

సరిగ్గా అప్పుడే అద్దం అవతల మేనేజరు గారు గడియారం చూసుకుంటూ, తల వంచుకునే, మీట నొక్కి మాట్లాడటం మొదలుపెట్టారు. హెడ్‌ఫోన్లు నా చెవులకే ఉన్నాయనుకుంటున్నారు! నేను చేతులు ఊపాను, వద్దు వద్దని. ఆయన చూడలేదు. పెదాలు కదులుతున్నాయి, ఓ చోట చిన్నగా నవ్వారు కూడా. నాకొక్క ముక్క వినపడలేదు. అన్నీ నాన్నకే వినపడుతున్నాయి.

మేనేజరు గారు మాట్లాడటం ముగించి తలెత్తారు. నాన్నని చూశారు. నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

నాన్న హెడ్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టాడు.

"ముసలాయనకి అనుమానం రాలేదు కదా అని అడుగుతున్నాడమ్మా" అన్నాడు. "ఏం చెప్పమంటావు? రాలేదని చెప్పనా?"

"నాన్నా, నేను రాత్రే..."

"రికార్డుల గది ఉద్యోగం లాంటిదేం లేదట. అది నీ చేత ఈ పని చేయించడానికి అన్నాడట. ఆ ఉద్యోగం మాట నాకు చెప్పి ఉంటే వెనక్కి తీసుకోమన్నాడు." ఆయన గొంతు పెరగలేదు. అది పెరిగి ఉంటే నేను బతికిపోయేదాన్ని. "మీ అమ్మ ఇంతసేపూ విన్నది దీన్నేనా?"

తలూపాను.

"నేను వాయించింది?"

మౌనిబాబా వేలెత్తాడు. రికార్డు చివరి చుట్లలో ఉంది, నా మైకు తెరుస్తున్నాడు. ఎర్రబల్బు వెలిగింది. ఇప్పుడు నేను "మేస్టారికి ధన్యవాదాలు" అనాలి. ఊరంతా చెవులొగ్గి ఉంది, సబ్బుల కంపెనీ పెద్దలు వింటున్నారు, ఇంట్లో అమ్మ వింటోంది. నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. రేడియోలో ఆ నిశ్శబ్దం ఎంత భయంకరమో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకే తెలుసు.

నాన్న నా భుజం మీద చెయ్యి వేసి, మైకు తన వైపు లాక్కున్నాడు. ఇన్నేళ్ళలో వాయించడమే గానీ రేడియోలో ఒక్క మాట మాట్లాడి ఎరగడు.

"నమస్కారమండీ. నన్ను మేస్టారంటారు" అన్నాడు. "మీరిప్పుడు విన్నది నెల కిందట వాయించింది. ఇవాళ నేను ఒక్కణ్ణే వాయించాను, మా ఆవిడ వినాలని. అది ఆవిడకి వినపడలేదు. తప్పు నా కూతురిది కాదు. మీకు ఓపికుంటే మళ్ళీ వాయిస్తాను."

క్లారినెట్ ఎత్తి పెదాల మధ్య పెట్టుకున్నాడు.

అద్దం అవతల మేనేజరు గారు ఆపు, ఆపు అని అరుస్తున్నారు. మాట వినపడటం లేదు గానీ, ఆ నోరు చూస్తే తెలుస్తూనే ఉంది. మౌనిబాబా చెయ్యి నా మైకు మీట మీదే ఉంది. దించితే అయిపోయింది. ఆయన మేనేజరు కేసి చూడటం లేదు. మొదటిసారిగా తలెత్తి, నా కేసి చూస్తున్నాడు. నేను ఎలా తలూపితే అలా చేస్తాడు.